శనివారం శనివారం కూసే కారు

పిలిస్తే పలికే స్వామికి, పిలవనినాడు కూడా పక్కనే ఉండి ఆ సంగతి నలుగురికీ చాటుకోని స్వామికి ముందుగా నా నమస్కారం. సముద్రాన్ని పుట్టించి దానికి హద్దు గీసినవాడు ఆయన. ఆ హద్దు దగ్గర గంట కట్టలేదు, ఎర్రదీపం పెట్టలేదు. ఏదో తుపాను నాడు తప్ప, అల ఇసుక దాకా వచ్చి, ఆగవలసిన చోట ఆగి, ఎవరినీ గుద్దకుండా వెనక్కి పోతుంది. ఇంత పెద్ద పనిని ఇంత నిశ్శబ్దంగా చేయించే ఆ వేంకటాచలపతి పాదాలకు మొక్కి, ఆయన దయతో మా కారు చేసిన గోల గురించి చెబుతాను.

మా కారు కూడా వెనక్కి పోతుంది. కాకపోతే పోయేముందు ఊరంతటినీ నిద్ర లేపుతుంది.

దాని వెనక బంపరుకు నల్లటి గుండ్రటి బిళ్ళలు నాలుగు ఉన్నాయి. వాటిని సెన్సార్లంటారు. రివర్స్ గేరు వేయగానే అవి మన చెవికి అందని శబ్దమేదో వదులుతాయట. వెనక గోడో గేదో మనిషో ఉంటే ఆ శబ్దం వాళ్ళకు తగిలి తిరిగి వస్తుందట. ఎంత త్వరగా తిరిగొస్తే అంత దగ్గరని లెక్క. దూరంగా ఉంటే కారు ఆగి ఆగి కూస్తుంది, దగ్గరైతే ఊపిరి కూడా తీసుకోకుండా కూస్తుంది. కారు అమ్మిన అబ్బాయి ఇదంతా చెప్పి, ఇంకాస్త పైరకం కారైతే వెనక ఉన్నది చూపించే కెమెరా కూడా ఉంటుందన్నాడు. "కూసేది ఉండాది గదా, మళ్ళా చూపించేది ఎందుకు?" అన్నాడు మా ఆయన. వరి పండిస్తాడు, రెండు రొయ్యల చెరువులు చూసుకుంటాడు. కంటితో చూసి నమ్మేవాటికంటే చెవితో విని నమ్మేవే ఎక్కువ. రొయ్యల ధర కూడా ఆయన అట్లాగే వింటాడు, అట్లాగే నమ్ముతాడు, ఆ తరువాత రెండురోజులు అన్నం సరిగా తినడు.

నేను కారు నేర్చుకున్నది సరదాకు కాదు. మా ఊళ్ళో ఆడవాళ్ళ భజన బృందం ఒకటి ఉంది. చిన్నప్పటినుంచి పురాణం వింటూ, పారాయణం చేస్తూ, కీర్తనలు పాడుతూ పెరిగిన దాన్ని కాబట్టి దానిని నడిపించే భారం నామీద పడింది. మగవాళ్ళకూ ఒక బృందం ఉంది. వాళ్ళకు వ్యాను ఉంది. పక్క ఊళ్ళలో భజనకు పిలుపు వస్తే అందరం ఆ వ్యానులోనే పోవాలి. అక్కడ ముందు మగవాళ్ళు పాడతారు. వాళ్ళు పాడినంతసేపు వ్యాను డ్రైవరుకు ఆవులింత రాదు. మేము మొదలుపెట్టగానే అతనికి నిద్ర ముంచుకొస్తుంది, వ్యానుకు తొందర పుడుతుంది. ఎన్నోసార్లు మంగళహారతి సగంలో ఉండగా హారన్ మోగింది. స్వామి ముఖం మీద హారతి వెలుగు పడే ఆ ఒక్క క్షణం కోసమే సాయంత్రమంతా పాడిన మేము, పాట చివరి చరణం వ్యాను మెట్టు మీద పాడుకునేవాళ్ళం. స్వామి ఏమీ అనుకోడు. ఆయన ఓర్పు అలాంటిది. నాది కాదు.

అందుకని నెల్లూరు పోయి డ్రైవింగు నేర్చుకున్నాను. లైసెన్సు తెచ్చుకున్నాను. కార్తీక మాసం ఆఖరి శనివారం మైపాడులో చేపల వేటకు పోయేవాళ్ళ రామమందిరంలో భజనకు పిలుపు వచ్చింది. ఈసారి పిలిచింది మా ఆడవాళ్ళ బృందాన్ని. మగవాళ్ళు తోడుగా వస్తారు, వెనక కూర్చుంటారు. హారతి అయ్యేదాకా ఎవరి హారనూ వినకుండా పాడి, మా కారులో మేము తిరిగి రావాలన్నది నా కోరిక.

మా ఆయన కాదనలేదు. షరతు పెట్టాడు.

"ఆ రామమందిరం సందు చూసినావు గదా. కారు లోపలికి పోతాది, తిప్పేదానికి చోటు లేదు. వెనక్కే రావాల. ఈలోపల నీకు వెనక్కి తోలడం పట్టుబడలేదంటే తాళంచెవి నాకిచ్చెయ్. అందరూ వ్యాన్లో పోదురు."

అంటే మళ్ళీ వ్యాను మెట్టు మీద చివరి చరణం. సరేనన్నాను.

ఇక్కడ మా వదిన గురించి చెప్పాలి. మా ఆయనకు అక్క. పక్కింట్లోనే ఉంటుంది. భక్తిలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు మా మండలంలో లేరు, బొట్టు పెట్టడంలో జిల్లాలోనే లేరు. బొట్టు లేని వస్తువు ఆమె కంట పడకూడదు. మా ఫ్రిజ్జుకు బొట్టు ఉంది, గ్యాసు సిలిండరుకు ఉంది, చెరువు దగ్గర మోటారుకు ఉంది, మంచినీళ్ళ మిషనుకు ఉంది. ఇన్వర్టరుకు ఆమె పెట్టిన బొట్టు చూసి, బాగుచేయడానికి వచ్చినతను చెప్పులు బయట విడిచి మళ్ళీ లోపలికి వచ్చాడు.

కారు వచ్చినరోజు పూజ ఆమే చేసింది. భజనకు స్వామి పటం మోసుకుపోయే బండి కాబట్టి ప్రతి శనివారం పొద్దున్నే మళ్ళీ చేయాలని కూడా ఆమే నిర్ణయించింది. నిమ్మకాయ, మిరపకాయల దండ ముందొకటి కట్టింది, వెనక బంపరుకూ ఒకటి కట్టింది. దిష్టి వెనకనుంచి కూడా వస్తుందట. ఇక బంపరు మీది నల్ల బిళ్ళలను చూసి ఆమె పడిన ఆనందం అంతా ఇంతా కాదు.

"బొట్టు పెట్టేదానికే చేసి పంపినట్టుండారు మే! ఎంత బుద్ధిమంతులో!" అంది.

పసుపూ గంధం కలిపిన ముద్ద ఒక్కో బిళ్ళకు దట్టంగా మెత్తి, నడుమ కుంకుమ అద్ది, దానిమీద ఒక అక్షింత అంటించింది. కారు వెనకభాగం నిండు ముత్తైదువలా కళకళలాడింది. నాకూ బాగుందనిపించింది. అందరం దండం పెట్టుకున్నాం.

మొదటి కూత ఆరోజే వినిపించింది. మా వాకిట్లోంచి కారు బయటికి తీద్దామని రివర్స్ వేశాను. వెంటనే ఊపిరి తీయకుండా కూత. బ్రేకు తొక్కాను. దిగి చూస్తే వెనక ఏమీ లేదు. గేటు బార్లా తెరిచి ఉంది, దాని అవతల రోడ్డు, రోడ్డు అవతల పొలం. మళ్ళీ ఎక్కాను. మళ్ళీ కూత. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గోడలమీదనుంచి తొంగిచూశారు.

"నువ్వు గేరు గట్టిగా వేసినట్టుండావు," అన్నాడు మా ఆయన.

"గేరు గట్టిగా వేస్తే అరుస్తుందా?"

"కొత్త బండి గదా, నొప్పి పుట్టిందేమో."

ఆయనే ఎక్కి వేశాడు. అలాగే కూసింది. అప్పుడు మాత్రం బండిలో లోపమని తేలింది.

అయినా నేను ఊరుకోలేదు. సాయంత్రం కోత కోసిన పొలం దగ్గరికి తీసుకుపోయాను. కనుచూపుమేర మనిషి లేడు. రివర్స్ వేస్తే కూత. ఇంకోరోజు సముద్రం వైపు ఖాళీ స్థలంలో వేశాను. కూత. పురాణంలో మొసలి కాలు పట్టుకుంటే ఏనుగు స్వామికి మొర పెట్టుకుంది. మా కారుది అంతకంటే పెద్ద భక్తి. మొసలి లేకుండానే మొర పెడుతుంది. స్వామి ఒక్కసారి నిజంగా చక్రం పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఉంటే, పొలంలో ఒక కొంగను చూసి, నావైపు చూసి, ఏమీ అనకుండా తిరిగి పోయి ఉండేవాడు.

వారం నడిమికి వచ్చేసరికి కూత కాస్త తగ్గేది. ఒకోసారి అసలు వినిపించేది కాదు. స్వామి కరుణించాడనుకుని శనివారం ఇంకాస్త గట్టిగా పూజ చేయించేదాన్ని. ఆ సాయంత్రానికి కారు మళ్ళీ గొంతు సవరించుకునేది.

ఊళ్ళో తలా ఒక కారణం చెప్పారు. కారు దక్షిణం వైపు ముఖం పెట్టి నిలబెడుతున్నామని ఒకరు. రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే యంత్రాల హోరు దానికి పడడం లేదని ఒకరు. మగవాళ్ళ బృందానికి పెద్ద అయిన ఆయన్ని మేమంతా పెద్దన్నా అంటాం. ఆయన ఒకనాడు మా వాకిట్లో కాఫీ తాగుతూ అసలు తత్వం చెప్పాడు.

"చూడమ్మా, వెనక్కి పోవడమే సృష్టికి విరుద్ధం. కాలం వెనక్కి పోతాదా? ఏరు వెనక్కి పోతాదా?"

"మీ వ్యాను పోతా ఉండాది గదా పెద్దన్నా."

"అది తోలేవాడు మగవాడు," అన్నాడు ఆయన, కాఫీ ఒక గుక్క తాగి. "ఆ కూత ఏమీ నమ్మబాకు. దాన్ని పట్టించుకుంటే నువ్వు ఈ జన్మలో గేటు దాటవు. నా మాట విని మైపాడుకి వ్యాన్లో వచ్చెయ్యండి. హారతి అయ్యిందాకా ఆపతాను."

ఆ హామీ ఆయన ప్రతి భజనకూ ఇస్తాడు.

మొదట వెనక వేలాడే నిమ్మకాయల దండ మీద నాకు అనుమానం వచ్చింది. బంపరు ముందు అది ఊగుతూ ఉంటే సెన్సారుకు మనిషిలా కనపడుతుందేమోనని. వదినకు తెలియకుండా విప్పి ముందు దండకే జత చేశాను. వదినకు తెలిసింది. "వెనకవైపు ఎవరు కాపలా కాస్తారు?" అని అడిగింది. కారు కూత మాత్రం ఆగలేదు. నిమ్మకాయలు నిర్దోషులని తేలిపోయింది.

తరువాత నెల్లూరులో కారు కొన్నచోటికే తీసుకుపోయాను. బురద, పసుపు, చెరువుల్లో చల్లే సున్నం, అన్నీ పూసుకున్న కారును చూసి వాళ్ళు ముందు నీళ్ళ పైపుతో శుభ్రంగా కడిగించారు. ఆ తరువాత మెకానిక్కు వచ్చాడు. ఏదో యంత్రం తగిలించి చూశాడు. రివర్స్ వేశాడు. కారు పెళ్ళిచూపుల్లో పిల్లలా నోరు విప్పలేదు. వెనక ఒక మనిషిని నిలబెట్టాడు. అప్పుడు పద్ధతిగా, ఆగి ఆగి, వినయంగా కూసింది.

"ఏ ప్రాబ్లం లేదు మేడం."

"మా ఊళ్ళో కూస్తుంది."

"మీ ఊరు ఎక్కడ మేడం?"

చెప్పాను. అతను తల పంకించాడు.

"అదీ సంగతి. సముద్రపు గాలి. తేమ ఉంటుంది. కారును సముద్రానికి దూరంగా పార్క్ చేయండి."

"మా ఇల్లే సముద్రానికి దగ్గర బాబూ."

"అయితే కొంచెం ఎడంగా," అన్నాడు, ఇంటిని జరుపుకోవడం నా పని అన్నట్టు. కాగితం మీద 'లోపం లేదు' అని రాసి పంపాడు.

నిజంగానే ఆ వారం కారు నోరెత్తలేదు. వాకిట్లోంచి తీశాను, పొలం గట్టు పక్కన తీశాను, ట్రాక్టరు పక్కన కూడా తీశాను. అవసరమైనచోట కూసింది, అక్కరలేనిచోట ఊరుకుంది. నాకు చేయి తిరిగింది. శుక్రవారం కొబ్బరికాయ కొట్టాను. శనివారం పొద్దున వదిన వచ్చి మామూలుగా పూజ చేసింది, అంతకుముందు వారం కంటే దట్టంగా, ఎందుకంటే నెల్లూరు వాళ్ళు బొట్లు కడిగేశారని ఆమెకు కోపం. పూజ అయ్యాక కారు ఎక్కి రివర్స్ వేశాను.

కూత. ఊపిరి తీయకుండా.

మా ఆయన వరండాలోంచి లేచి వచ్చాడు. చేయి చాచలేదు గాని, తాళంచెవి తగిలించే మేకు వైపు ఒకసారి చూశాడు. "వచ్చే శనివారమే గదా మైపాడు?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అది ఉన్నా బాగుండేది.

ఆయన లోపలికి పోయాక నేను స్టీరింగు మీద తల పెట్టి కూర్చున్నాను. ఏడ్చానని చెప్పను. స్వామిని మాత్రం నిలదీశాను. పాడేది నీకోసం, తోలేది నీకోసం, మరి ఈ కూత ఎవరికోసం అని. కారు కూస్తూనే ఉంది. ఇంకేం చేయాలో తెలియక, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి, స్విచ్చి మాత్రం వేసి ఉంచి, గేరు రివర్సులోనే వదిలి దిగాను. కూత వినపడుతూనే ఉంది. వెనక్కి పోయి బంపరు ముందు చతికిలబడ్డాను.

నాలుగు బొట్లు నావైపు చూస్తున్నాయి. తడి ఇంకా ఆరలేదు. అక్షింతలు మెరుస్తున్నాయి.

శనివారానికి ఉండి శుక్రవారానికి లేనిది ఏమిటి అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. శనివారం ఒంటిపూట భోజనం. కారు తినదు. శనివారం తులసిమాల. కారుకు వేయలేదు. శనివారం వదిన. అక్కడ నా ఆలోచన ఆగింది. వారం నడిమికి కూత తగ్గేది, ఎందుకంటే గుంతల రోడ్డుమీద ఈ పసుపు ఎండి రాలేది. నెల్లూరులో కూయలేదు, ఎందుకంటే కడిగేశారు.

కొంగు కొసతో మొదటి బొట్టు తుడిచాను. కూత అలాగే ఉంది. రెండోది తుడిచాను. మూడోది గోటితో గీకవలసి వచ్చింది, కింద పాత పొర పట్టి ఉంది. నాలుగోది తుడవగానే కారు నోరు మూసుకుంది. వాకిలంతా ఎంత నిశ్శబ్దమంటే, వెనకింట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ మిక్సీకీ వదిన బొట్టు ఉంది. నమ్మకం కుదరక కాస్త పసుపు తీసి ఒక బిళ్ళకు మళ్ళీ అంటించాను. కూసింది. తుడిచాను. ఆగింది. అరచేయి అడ్డం పెట్టాను. కూసింది. తీశాను. ఆగింది.

శబ్దం బయటికి పోవాలి, తిరిగి రావాలి. మేము దాని నోటికే ముద్ద అంటించి, ఎందుకు అరుస్తున్నావని అడిగాం. ఇంత చదువూ ఇంత యంత్రమూ పెట్టి ఆ కారును తయారుచేసినవాళ్ళు వాన వస్తే, దుమ్ము పడితే ఏమవుతుందో ఆలోచించి ఉంటారు. ప్రతి శనివారం పసుపూ గంధం కలిపి మెత్తే భక్తులు ఉంటారని వాళ్ళకు ఎవరు చెప్పాలి!

కారణం దొరికింది. ఇక కష్టమైన భాగం మిగిలింది. వదిన.

ఆమె పళ్ళెం కడుక్కుని వాకిట్లోకి వచ్చి, బంపరు చూసి, చెంపమీద చేయి పెట్టుకుంది.

"నిండు బొట్టుతో ఉండేదాన్ని బోసిమొహం చేసినావే! శనివారం పూట! నీకు చేతులెట్ల వచ్చినాయి మే?"

"వదినా, నీ బొట్లకే కారు కూస్తా ఉండాది."

"బొట్టుకు బండి అరుస్తాదా? నేను బొట్టు పెట్టిన ఫ్రిజ్జు అరిచిందా? మోటారు అరిచిందా? నీకు తోలడం రాక నా పసుపు మీద వేస్తా ఉండావు."

ఎదురుగా చేసి చూపించాను. కూసింది, ఆగింది, కూసింది. ఆమె చూసింది. ఒప్పుకోలేదు. బిందెల కొద్దీ నీళ్ళు పోసినా కరగని పట్టుదల ఆమెది. "అయితే బండికే ఏదో పట్టి ఉండాది, పసుపు తగిలితే అరస్తా ఉండాదంటే అర్థమేంది?" అని కొత్త భయం ఒకటి బయటికి తీసింది. దయ్యం పట్టిన కారని ఊరంతా పాకితే మైపాడు కాదు, నేను గేటు కూడా దాటలేను. శబ్దం, ప్రతిధ్వని అని ఆమెతో వాదించి లాభం లేదు. నాకు తెలిసిన శాస్త్రంలోకే దిగాను.

"వదినా, స్వామికి నామం ఎక్కడ పెడతారు?"

"నుదుటికి. ఇదేం ప్రశ్న?"

"తిరుమలలో గురువారం నాడు ఆ నామం ఎందుకు తగ్గిస్తారు?"

ఆమె మెత్తబడింది. ఆ దర్శనం కోసమే ఆమె గురువారాలు చూసుకుని కొండకు పోతుంది. "నేత్రదర్శనం కోసం. మిగతా దినాలు నామం కళ్ళమీదికి వచ్చి ఉంటాది. గురువారం సన్నగా చేస్తారు. అప్పుడు ఆ కళ్ళు..." అని ఆగి చేతులు జోడించింది. "ఆ కళ్ళు చూడాల మే. చెప్తే తెలిసేది కాదు."

"ఇవి ఈ కారు కళ్ళు వదినా. వెనక ఎవరుండారో చూసేదానికి దీనికి ఉండేవి ఇవే. నుదురనుకుని నువ్వు కళ్ళల్లో పసుపు మెత్తతా వచ్చినావు. ఎవరికైనా మంట పుట్టదా? అరవరా?"

వదిన బంపరు ముందుకు వంగింది. ఆ బిళ్ళలను ఒక్కొక్కదాన్నే చూసింది. తరువాత లోపలికి పోయి తడిగుడ్డ తెచ్చి, నేను గోటితో గీకగా మిగిలిన పసుపు అంతా, పసిబిడ్డ కంటిలో కాటుక తుడిచినట్టు తుడిచింది. "ముందే చెప్పొచ్చు గదా, ఇవి కళ్ళని," అని నన్నే కసురుకుంది. నంబరు ప్లేటుకు పైన, సరిగ్గా నడుమ, రూపాయంత బొట్టు ఒకటి పెట్టింది. నేను రివర్స్ వేశాను. కారు కిక్కురుమనలేదు. మధ్యాహ్నానికి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది, కారు కళ్ళు తెరిపించింది మా వదినేనని. అభ్యంతరం చెప్పడానికి నాకు తీరిక లేదు, గేటులోంచి వెనక్కి తీస్తూ ఉన్నాను.

అయితే ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. కారు మారింది గాని మనుషులు మారలేదు. ఇన్నాళ్ళు ఊరికే కూసి కూసి, ఆ కూతను లెక్కచేయకూడదని అది అందరికీ నేర్పి పెట్టింది. మా ఆయన అయితే ఆ చదువులో మొదటి శ్రేణి. "ఇప్పుడు నిజంగానే ఏదన్నా ఉంటేనే కూస్తుంది," అని ఎన్నిసార్లు చెప్పినా, "ఊఁ" అనేవాడు, రొయ్యల డాక్టరు మాట విన్నట్టు.

మైపాడు భజన బాగా జరిగింది. ఎంత బాగా జరిగిందో రాయడానికి నాకు మాటలు చాలవు. మందిరం ముందు ఇసుకలో వలలు ఆరేసి ఉన్నాయి. వేటకు పోని మగవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు, ఆడవాళ్ళు మాతో గొంతు కలిపారు. హారతి చివరి చరణం దాకా నిలబడి పాడాం. వ్యాను హారన్ ఒకసారి మోగింది. మేమెవరం తలతిప్పలేదు. అది మా వ్యాను కాదు.

ప్రసాదాలు పంచాక, చుట్టూ ఇంకా వెలుతురు ఉండగానే, స్వామి పటం ముందుసీట్లో పెట్టుకుని, వదిననూ ఇంకో ఇద్దరినీ వెనక ఎక్కించుకుని స్టీరింగు ముందు కూర్చున్నాను. సందు మా ఆయన చెప్పినట్టే ఉంది. ఒకపక్క మందిరం గోడ, ఇంకోపక్క ఇళ్ళ అరుగులు. మా ఆయన బయట కుడిపక్క, నా కిటికీ దగ్గర నిలబడి చేయి ఊపాడు. "రా, రా, రా, ఏమీ లేదు, రా."

రివర్స్ వేశాను. కూత. ఊపిరి తీయకుండా.

వెనక సీట్లో వదిన, "నేను ముట్టుకోలేదు మే!" అంది.

"రా, ఏమీ లేదు, అది ఊరికే అరస్తాది!" అని మా ఆయన. కారు ముందువైపు అరుగుల మీద నలుగురు నవ్వారు. అద్దాల్లో చూశాను. ఏమీ కనపడలేదు. ఊరంతా చూస్తోంది. బ్రేకు మీదినుంచి కాలు తీస్తే కారు జరుగుతుంది, తీయకపోతే తాళంచెవి మేకుకు పోతుంది. మా ఆయన చేయి ఊపుతూనే ఉన్నాడు. ఆయన మంచివాడు, నా మేలు కోరేవాడు. ఆయన మాట ఒకవైపు, నా చేత్తో తుడిచిన నాలుగు బిళ్ళల మాట ఒకవైపు. నేను కాలు తీయలేదు. గేరు తీసేసి హ్యాండ్ బ్రేకు లాగాను.

"ఒకసారి వెనక్కి పోయి చూడండి," అన్నాను.

"ఏందిమే, నేను చూస్తానే ఉండాను గదా..."

"కుడిపక్క నిలబడి చూస్తా ఉండారు. వెనక్కి పోయి చూడండి."

ఆయన విసుక్కుంటూ పోయాడు. పోయినవాడు నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. బంపరుకు ఆనుకుని, కిందికంటా గొంతుక్కూర్చుని, ఉత్తరీయం మడత ఒక సెన్సారు మీద అదిమిపెట్టి పెద్దన్న ఉన్నాడు.

"ఏంది పెద్దన్నా, ఈడ కూర్చుండావు?"

"ఆడబిడ్డ నలుగురిలో నవ్వులపాలు కాకూడదని," అన్నాడు ఆయన పైకి లేవలేక లేస్తూ, "దాని నోరు మూద్దామని వచ్చినా. కూత మొదలయ్యేలోపలే మూసేద్దామనుకున్నా."

అరుగుల మీది నవ్వు ఆగిపోయింది. మా ఆయన అప్పటిదాకా ఊపిన చేయి వెనక్కి దాచుకున్నాడు. నేను కాలు తీసి ఉంటే ఏమయ్యేదో ఆయనకు తెలుసు, రా రా అన్నది తానేనని కూడా తెలుసు. పెద్దన్న దుమ్ము దులుపుకుని అద్దం దగ్గరికి వచ్చాడు.

"నేనుండేది నీకు కనపడిందా అమ్మా?"

"లేదు పెద్దన్నా. అది చెప్పింది, విన్నాను."

ఆయన తత్వం చెప్పలేదు. ఆయనకు భజన తెలిసిన దగ్గరనుంచి, తత్వం చెప్పకుండా ఊరుకున్నది అదే మొదలని మా వాళ్ళంటారు. అరుగు ఎక్కి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, సందులో అందరికంటే దూరంగా.

మళ్ళీ రివర్స్ వేశాను. కూత లేదు. మందిరం మూల దగ్గర ఆగి ఆగి కూసింది, కాస్త కుడికి తిప్పాను, ఆగింది. రోడ్డు మీదికి వచ్చాం. మా ఆయన వచ్చి, స్వామి పటం ఒళ్ళో పెట్టుకుని ముందుసీట్లో కూర్చున్నాడు. ఇల్లు చేరాం. వాకిట్లో కారు ఆపి నేను తాళంచెవి తీస్తే, మేకు వైపు చూడలేదు.

"తెల్లారి చెరువు కాడ పని ఉండాది," అన్నాడు. "నన్ను దించి వస్తావా?"

సరేనన్నాను. గట్టు సన్నగా ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు చాలాదూరం వెనక్కే రావాలి. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇది చదివిన అన్నలూ, అక్కలూ, మీరు ఎక్కడున్నా ఒక్క క్షణం చేతులు జోడించి నాతోపాటు ఆయనను అడగండి. స్వామీ, నీమీది ప్రేమతోనే అయినా సరే, చూడవలసిన దానిమీద మేము ముద్దలు మెత్తకుండా చూడు. వెయ్యిసార్లు వృథాగా అరిచిన గొంతు ఒకసారి నిజం చెబితే, ఆ ఒక్కసారి వినే ఓపిక మాకివ్వు. పక్కన నిలబడి రా రా అనేవాళ్ళ మీద కోపం రాకుండా, అయినా బ్రేకు మీదినుంచి కాలు జారకుండా కాపాడు. మా వెనక, మాకు కనపడని చోట, మా మేలు కోరి కూర్చున్నవాళ్ళందరినీ చల్లగా చూడు. రండి, అందరం కలిసి అందాం: గోవిందా, గోవిందా.